రాసుకున్నారా అని ఆగిన చోట

మూడు వారాల కిందట, మంగళవారం పొద్దున షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. అవతల పెద్దమ్మ, అనంతపురం ఆసుపత్రి నుంచి. "మీ టీచర్ పోయిందప్పా" అంది. మళ్ళీ ఆమే, "ఇంట్లో ఫ్యాను ఆపకుండా వచ్చినాం. తాళంచెవి నీ తాన ఉండాది కదా, పోయి ఆపిపో" అంది. షట్టరు అట్లాగే వదిలేసి పక్కింటికి వెళ్ళాను. తాళం తీసి ఫ్యాను ఆపాను. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఇంక చేయడానికి ఏ పనీ లేక, టీచరమ్మ కుర్చీ ముందు నిలబడి ఏడ్చాను.

పెద్దమ్మ అంటే టీచరమ్మ వాళ్ళ అక్క. మా వీధిలో అందరికీ పెద్దమ్మే. టీచరమ్మ మాత్రం లెక్కల టీచరమ్మ. పామిడి చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. నేనూ అందులో ఒకణ్ణి. పదో తరగతి పిల్లలున్న ఇల్లయితే మీ ఫోనులో కూడా ఆమె పాఠం ఉండే ఉంటుంది. ఆ గొంతు మీకు తెలుసు. ఆ గొంతు మీ ఫోను దాకా ఎట్లా వచ్చిందో తెలిసినవాణ్ణి గనక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదప్పా" అనేవారు టీచరమ్మ. నిజానికి పెద్దమ్మ శెనిక్కాయ చేలల్లో కూలికి పోయి చెల్లెలిని చదివించింది. తను బడి గడప తొక్కలేదు. చెల్లెలికి ఉద్యోగం వచ్చాక కూడా ఇంటి పెత్తనం అక్కదే. కొత్త వస్తువు ఏది ఇంట్లోకి వచ్చినా, మిక్సీ గానీ సైకిలు గానీ, పెద్దమ్మ పసుపు కుంకుమ పెట్టందే ఎవరూ ముట్టుకోకూడదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

టీచరమ్మ క్లాసులో ఒకే ఒక నిషేధం ఉండేది. రబ్బరు తేకూడదు. తెచ్చినవాడి రబ్బరు ఆమె చేతిసంచిలోకి పోయేది, తిరిగి వచ్చేది కాదు. "తప్పు తుడిపేస్తే అది యాడుండిందో నీకే తెలీకుండా పోతాది. గీత కొట్టు, పక్కన రాయి" అనేవారు. మా నోటు పుస్తకాలన్నీ కొట్టివేతలతో గొర్రెలమంద తొక్కిన చేనులాగా ఉండేవి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళు మొహం చిట్లించుకునేవారు. ఆమె చెవిన పెట్టేవారు కాదు.

రిటైరయ్యాక ఆమె ఊరుకుని ఉంటే ఈ కథంతా లేదు. వానల్లేని ఏడు మా వైపు జనం సుగ్గికి పోతారు. పంట కోతలున్న ఊళ్ళు వెతుక్కుంటూ కుటుంబాలు కుటుంబాలే లారీలెక్కుతాయి. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలిపెడతారు? వజ్రకరూరు వైపునుంచీ కణేకల్ వైపునుంచీ అట్లా పోయిన పదో తరగతి పిల్లలు నెలల తరబడి బడి మానేసి, పరీక్షలకు మాత్రం తిరిగొచ్చి, లెక్కల్లో తప్పేవాళ్ళు. "బడి వాళ్ళెంబడి పోలేదు. ఫోను పోతాది కదా" అన్నారు టీచరమ్మ. హాల్లో గోడకు నల్లబల్ల కొట్టించారు. ఎదురుగా కెమెరా పెట్టారు. పాఠం రికార్డు చేసేటప్పుడు వాకిట్లో ఎర్రగుడ్డ కట్టేవారు. ఆ గుడ్డ కనబడితే మా వీధిలో నైటీలు కుట్టే ఆడవాళ్ళంతా మిషన్లు ఆపి కాజాలు కుట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. ఎవరూ చెప్పి చేయించింది కాదు.

పాఠాల్లో సగం కూడా కాకముందే ఆమెకు గొంతు బొంగురుపోయింది. చలికని కషాయాలు తాగారు. తగ్గలేదు. బెంగళూరులో చూపించుకుని వచ్చిన రోజు నేరుగా నా షాపులోకొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. నాది కంప్యూటర్లు బాగుచేసే షాపు.

"ఏమప్పా, శివరాత్రికి ముందే ఆపరేషనంట. గొంతులో పెట్టె తీసేస్తారంట. మళ్ళ మాట రాదు" అన్నారు, బస్సు టైము చెప్పినట్టు.

నేను నోరు తెరిచేలోపే, "ఏడుపు తర్వాత. ఇంగా చెప్పాల్సిన పాఠాలు చానా ఉండాయి. నీ కంప్యూటర్ పని తొందరగా అయ్యే దారి ఏమైనా ఉండాదా, అది చెప్పు" అన్నారు.

ఆ పని సంగతి కొంచెం చెప్పాలి. కెమెరాలో రికార్డయిన పాఠం చాలా పెద్ద ఫైలు. సుగ్గికి పోయిన పిల్లల చేతుల్లోని చవక ఫోన్లలో అది ఆడదు. దాన్ని కుదించి చిన్నది చేయాలి. ఎన్‌కోడింగ్ అంటాం. టీచరమ్మ కంప్యూటర్ ఆమె ఉద్యోగంలో ఉన్నప్పుడు కొన్నది. ఒక్క పాఠం కుదించడానికి పొద్దున పెడితే సాయంత్రమయ్యేది. మధ్యలో కరెంటు పోతే అంతా మొదటికొచ్చేది. లైను పనులనో లోడెక్కువైందనో కరెంటు పోని రోజుండేది కాదు. యూపీఎస్ ఉంది గానీ దానికి ఆయుష్షు మూరెడే. ఇది చాలదన్నట్టు, తయారైన పాఠాన్ని టీచరమ్మ ఒక చిన్న ఫోనులో పెట్టుకుని, బల్ల మీది అక్షరాలు కనబడుతున్నాయో లేదో, మాట వినబడుతోందో లేదో మొదటినుంచి చివరిదాకా చూసేవారు. బాగా లేకపోతే ఆ భాగం మళ్ళీ చెప్పేవారు. చూడకుండా ఒక్కటీ పిల్లలకు పంపరు. మళ్ళీ చెప్పాలంటే గొంతుండాలి. గొంతున్న రోజులు వేళ్ళ మీదికి వచ్చేశాయి.

అనంతపురంలో స్టూడియోవాళ్ళను అడిగాను. మాఘమాసం ముహూర్తాలు, పెళ్ళి వీడియోలతో ఊపిరాడడం లేదన్నారు. కొత్త కంప్యూటర్ కొందామంటే టీచరమ్మ ఒప్పుకోలేదు. "కొత్తదానికి అలవాటు పడేకి నాకు యాడుంది టైము? దీని బుద్ధులన్నీ నాకు తెలుసు" అన్నారు. మిగిలింది ఒక్కటే దారి. ఉన్న కంప్యూటర్‌లోనే, తెర మీదికి బొమ్మ పంపే పాత గ్రాఫిక్స్ కార్డు తీసేసి, కొంచెం కొత్తది పెట్టడం. ఈ మధ్య వచ్చిన కార్డుల్లో వీడియో కుదించే పని కోసమే విడిగా ఒక భాగం ఉంటుంది. కంప్యూటర్ ముక్కుతూ మూలుగుతూ చేసేదాన్ని అది చిటికెలో చేసి పడేస్తుంది. అయితే ఈ పాత పెట్టెకు సరిపడాలి, దాని కరెంటు పెట్టె మోయగలగాలి. వెతికి వెతికి, కరెంటుకు విడిగా తీగ అక్కర్లేని చిన్న కార్డు ఒకటి బెంగళూరులో పట్టుకున్నాను.

"పెడితే పనైతాదా?" అన్నారు.

"అవుతుంది టీచర్."

"నీ లెక్కలపేపరు నేను దిద్దినాను. నీ 'అవుతాది'ని అంత తేలిగ్గా నమ్మనప్పా" అని నవ్వారు. నవ్వు సగంలోనే దగ్గయింది.

కార్డు వచ్చేలోపు ఇద్దరం పోట్లాడుకున్నాం. ఆమె పాఠంలో ఒక మెట్టు చెప్పి, "రాసుకున్నారా?" అని ఆగేవారు. ఆ ఆగడం నాకు చాలా పొడుగనిపించేది. "ఈ ఖాళీలన్నీ కత్తిరిస్తే పాఠం చిన్నదవుతుంది, కుదించే టైమూ తగ్గుతుంది" అన్నాను. ఆమె ససేమిరా అన్నారు. "ఆ సందు తీసేస్తే పిల్లోళ్ళు యాడ రాసుకుంటారు? చేలో పనిచేసి వచ్చి, కూచోని రాసుకునేవాళ్ళప్పా వాళ్ళు." నాకు కోపం ముక్కు మీదుంటుంది. "అయితే మీ ఇష్టం" అని విసురుగా వచ్చేశాను. షాపులో కూర్చుని ఆ ఖాళీలను ఒక్కొక్కటే చూశాను. ప్రతి ఖాళీలోనూ ఆమె బల్ల వైపు తిరిగి, గ్లాసెత్తి నీళ్ళు తాగుతున్నారు. ఒక్క గుక్క. అది మింగడానికి భుజాలు పైకి లేస్తున్నాయి. మొహం మాత్రం పిల్లలకు కనబడనివ్వలేదు. తర్వాత నేను కత్తిరింపుల మాటెత్తలేదు.

కార్డు బస్సులో వచ్చింది. హైవే మీద డ్రైవర్ చేతినుంచి అందుకుని నేరుగా టీచరమ్మ ఇంటికెళ్ళాను. అప్పటికి ఆపరేషన్ గడప దగ్గరికి వచ్చేసింది. కంప్యూటర్ మూత విప్పాను. లోపల మన అనంతపురం దుమ్మంతా ఎర్రగా పేరుకుని ఉంది. కొత్త కార్డు అక్కడే ఉంచి, బ్లోయర్ కోసం షాపుకెళ్ళి, తెచ్చుకుని, దుమ్ము ఊది, పాత కార్డు పీకి, కొత్తది తొందరతొందరగా గాడిలో కూర్చోబెట్టాను. స్విచ్చి నొక్కాను.

తెర వెలగలేదు. లోపలినుంచి కీచుమని కూత. ఆపి, తీసి, మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే కూత. పాత కార్డు పెడితే మామూలుగా వెలుగుతోంది. కొత్తది పెడితే చీకటి. చచ్చిన కార్డు అంటగట్టాడని ఫోనులో ఆ బెంగళూరు మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం అతను, "అన్నా, పొద్దున్నే నా కండ్ల ముందర ఆడించి పంపినా" అని మొత్తుకున్నాడు. ఇంకొకటి తెప్పించేలోపు టీచరమ్మ ఆసుపత్రిలో ఉంటారు. టీచరమ్మ గ్లాసు పట్టుకుని నన్నే చూస్తున్నారు. ఆ చూపుకు తట్టుకోలేక తల దించుకున్నాను. అప్పుడు కనబడింది నా బొటనవేలు, పచ్చగా.

కార్డు తిప్పి చూశాను. గాడిలో దిగే అంచున బంగారు రంగు గీతల వరుస ఉంటుంది. కరెంటూ కబుర్లూ అన్నీ దాని గుండానే పోవాలి. ఆ వరుస మీద, వెనక వైపు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడి పసుపు. మధ్యలో ముచ్చటగా ఒక కుంకుమబొట్టు.

"పెద్దమ్మా, ఏం చేసినావు?"

"నువ్వు షాపుకు పోయినప్పుడు పెట్టినా. ఊరికే యాడంటే ఆడ పెట్టలేదబ్బా. అది బంగారం మాదిరి మెరుస్తాంటే, అదే దాని మొగమనుకున్యా" అంది పెద్దమ్మ. ఆమె దృష్టిలో అందులో తప్పేముంది? మంచి జరగాలనే పెట్టింది, అన్నిటికన్నా మంచి చోటు చూసి పెట్టింది. నేను మాత్రం అరిచాను. తడి లోపలికి దిగి బోర్డంతా కాలిపోయి ఉంటే ఏమిటి గతి అని అరిచాను. పెద్దమ్మ మొహం మాడిపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకానుకుంది.

"అరవద్దప్పా మా అక్క మీద" అన్నారు టీచరమ్మ. ఆ బొంగురు గొంతుతోనే, మళ్ళీ క్లాసులో నిలబెట్టినట్టు. "తప్పు యాడుండాదో తెలిసింది కదా. ఇంగ భయమెందుకు? దిద్దేకి ఏం కావాల, అది చెప్పు."

దిద్దడానికి కావలసింది రబ్బరు. పెన్సిలు గీతలు తుడిపే రబ్బరు. ఆ బంగారు గీతలకు మురికి పడితే మా పనిలో అందరూ దానితోనే రుద్దుతారు. ఆ మాట చెప్పాక టీచరమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పామిడి మొత్తం మీద రబ్బరు దొరకని ఇల్లేదైనా ఉంటే అది ఆ ఇల్లే.

పెద్దమ్మ గోడ వదిలి లోపలికెళ్ళింది. అటక మీద చప్పుడైంది. పాత గాజుసీసా ఒకటి పట్టుకుని వచ్చి నా ముందు పెట్టింది. నిండా రబ్బర్లు. తెల్లవి, పచ్చవి, పండ్ల బొమ్మలవి, కొరికినవి, పెన్నుతో పేర్లు రాసినవి. టీచరమ్మ తన ఉద్యోగమంతటిలో పిల్లల దగ్గర లాక్కున్నవి.

"పారేయమని ఇచ్చేది. పసిబిడ్డల సొమ్ము ఎట్ల పారేస్తాం? ఎవురో ఒకరు అడిగేకి వస్తారని దాచినా" అంది.

అందులో నాది కూడా ఉండే ఉంటుంది. వెతికే తీరిక లేదు. కొంచెం మెత్తగా ఉన్నదొకటి తీసి, రుద్దడం మొదలుపెట్టాను. పసుపు అంత తేలిగ్గా వదులుతుందా? రుద్దాను, స్పిరిటు దూదితో తుడిచాను, మళ్ళీ రుద్దాను. గాడిలో పొడి కుంచె ఆడించాను. టీచరమ్మ వంగి నా చేతులనే చూస్తున్నారు. "ఇప్పుడు మాత్రం తుడుపప్పా, ఏమనుకోను" అన్నారు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని ఏ దేవుడికో ఏదో చెప్పుకుంటోంది.

కార్డు పెట్టి స్విచ్చి నొక్కాను. కూత రాలేదు. చిన్న ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒక పాఠం ఎక్కించి, కుదించే పని కార్డుకు అప్పగించి నొక్కాను. పని ఎంతైందో తెర మీద చూపిస్తూ పూటంతా పాకే పచ్చగీత, పెద్దమ్మ టీ పెట్టి తెచ్చేలోపు చివరిదాకా పోయింది. టీచరమ్మ నమ్మలేదు. చిన్న ఫోనులో మొత్తం చూశాకే తలూపారు. "నీకు మార్కులు కలుపుతా" అన్నారు.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో నాకు సరిగా గుర్తులేదు. ఆమె చెప్పడం, నేను కుదించడం, ఆమె చూడడం, మళ్ళీ చెప్పడం. వాకిట్లో ఎర్రగుడ్డ విప్పిందే లేదు. వీధి వీధంతా చేతికుట్లతో సరిపెట్టుకుంది. రోజురోజుకూ గొంతు సన్నబడింది. నేను మైకు దగ్గరికి జరిపాను, ఇంకా దగ్గరికి జరిపాను.

బెంగళూరుకు బయలుదేరే రోజు పొద్దున కారు వచ్చి వాకిట్లో ఆగింది. చివరి పాఠం, వర్గ సమీకరణాలు, చిన్న ఫోనులో చూస్తూ టీచరమ్మ చెయ్యెత్తారు. ఒక చోట బల్ల మీద మైనస్ రాసి, నోటితో ప్లస్ అన్నారు. నేనైతే పోనీలే అనేవాణ్ణి.

"ఆ ముక్క తీసేసి సరైంది పెడదాం టీచర్, ఒక్క మాటే కదా" అన్నాను.

"తీసేసేది లేదు. కెమెరా పెట్టు" అన్నారు.

కారు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆమె బల్ల ముందు నిలబడ్డారు. "ఇప్పుడు నేను ప్లస్ అన్నాను. అది తప్పు. మైనస్. గీత కొట్టి పక్కన రాయండి" అన్నారు. గొంతు అక్కడక్కడ తెగిపోయి, గాలి మాత్రమే వచ్చింది. "రాసుకున్నారా?" అన్నారు. బల్ల వైపు తిరిగి గ్లాసెత్తి నీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టాక నా వైపు చూసి, ఇంక చాలన్నట్టు చెయ్యూపారు.

ఆ ముక్క తప్పు వెనకాలే అతికించి కుదించడానికి పెట్టానో లేదో, కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యికుయ్యిమని మొదలుపెట్టింది. బయట హారన్, లోపల ఆ కూత. పెద్దమ్మ మందుల సంచి చంకలో పెట్టుకుని గడపలో నిలబడింది. ఫైలు చేతికందందే టీచరమ్మ కదలరు. నేను ఆ పచ్చగీతనే చూస్తున్నాను. యూపీఎస్ కూత దగ్గరదగ్గరగా పడసాగింది, అంటే ఇక ఆరిపోబోతోందని. గీత చివరికి తగిలింది. ఫైలు ఫోనులోకి ఎక్కించి తీగ పీకాను. ఆ వెంటనే తెర ఆరిపోయింది. టీచరమ్మ ఫోను తీసుకుని కారెక్కారు. దారిలో చివరిదాకా చూసుకుని, హైవే మీదినుంచి నాకు ఫోను చేశారు. "బాగుంది. పంపించప్పా" అన్నారు. నేను విన్న ఆమె చివరి మాట అదే.

పిల్లలు పాసయ్యారా అని అడుగుతారేమో. పాసైన వాళ్ళు పాసయ్యారు, తప్పిన వాళ్ళు అవే పాఠాలు చూసి మళ్ళీ రాశారు. మిరపచేల గట్ల మీదినుంచి పిల్లలు పంపిన నోటు పుస్తకాల ఫోటోలు ఆమె ఫోనుకు వస్తూనే ఉండేవి. గొంతు లేని ఆ రోజుల్లో టీచరమ్మ పలక మీద రాసి మాట్లాడేవారు. అక్కకు చదవడం రాదు గదా, ఆమెతో మాత్రం చేతులతోనే. నేను ఎప్పుడైనా పొరపాటు మాట అంటే పలక మీద దాన్ని రాసి, గీత కొట్టి, పక్కన ఇంకోటి రాసి చూపించేవారు. పలకను మాత్రం తుడవక తప్పేది కాదు. తుడిచిన ప్రతిసారీ ఆమెకు కష్టంగానే ఉండేదనుకుంటాను. కిందటి నెలలో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి మా చేతుల్లో ఏమీ లేకపోయింది.

దినాలయ్యాక పెద్దమ్మ పిలిచింది. కంప్యూటర్‌లో పాఠాలు ఎట్లా పెట్టుకోవాలో నేర్పమంది. తీసేస్తుందేమో, ఎవరికైనా ఇచ్చేస్తుందేమో అనుకుంటూ వెళ్ళినవాణ్ణి, ఆమె పక్కన కూర్చున్నాను. ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆమె వేలితో తడిమి గుర్తుపెట్టుకుంది. నిన్న సాయంత్రం షాపు కట్టేసి వస్తూ వాళ్ళ వాకిట్లో ఆగాను. తలుపు తెరిచే ఉంది. పెద్దమ్మ తెర ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని, బడిపిల్లలాగా నిటారుగా కూర్చునుంది. ఆడుతున్నది చివరి పాఠం.

"గీత కొట్టి పక్కన రాయండి" అంది ఆ తెగిపోతున్న గొంతు. "రాసుకున్నారా?"

ఆ తర్వాత నేను కత్తిరిద్దామన్న ఆ నిశ్శబ్దం. కార్డు మీది చిన్న ఫ్యాను తిరుగుతున్న చప్పుడొక్కటే వినబడుతోంది.

"రాసుకున్న్యాంలేమ్మా" అంది పెద్దమ్మ. "నువ్వు నీళ్ళు తాగు."

తెర మీద టీచరమ్మ అటు తిరిగి గ్లాసెత్తారు.